ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు: చీటీ మీది ధర, నగలోని బంగారం

కడప జిల్లాలో పెళ్లి బంగారమంటే ముందు ప్రొద్దుటూరే గుర్తొస్తుంది. రెండో బొంబాయి అని పేరున్న ఊరు. చేతిపనికి, మోడళ్లకు నాలుగు స్టార్లు ఇస్తాం. ఐదోది కొన్ని అంగళ్లలో లెక్క రాసే పద్ధతి దగ్గర పోయింది.

"తరుగు 4 శాతమే" అంటే సంతోషపడకండి. తరుగంటే పనిలో పోయే బంగారం పేరుతో ధరకు కలిపే శాతం. అది దేని మీద 4 శాతమో అడగండి. లెక్కకు 22 క్యారెట్ గ్రాము రూ.10,000 అనుకుందాం. హారం మొత్తం బరువు 24.500 గ్రాములు, అందులో రాళ్లు, లక్క 2 గ్రాములు. మొత్తం బరువుకు రేటు కట్టి 4 శాతం తరుగు వేస్తే రూ.2,54,800. రాళ్లు, లక్క తీసేసి 22.500 గ్రాములకే కట్టి, 8 శాతం తరుగు వేసి, రాళ్లకు విడిగా రూ.1,500 కలిపినా రూ.2,44,500. తరుగు రెట్టింపు చెప్పిన అంగడే దాదాపు పదివేలు చవక! పైన జీఎస్టీ 3 శాతం ఎక్కడైనా తప్పదు. అదే రేటుకు రేపు మార్చబోతే ఏ అంగడిలో కొన్న హారానికైనా కట్టేది 22.500 గ్రాములకే, అంటే రూ.2,25,000.

చిన్న ముత్యాలు గుత్తులుగా కట్టిన గుట్టపూసల హారమైతే ఇంకా జాగ్రత్త. పూసలు తీగకు చుట్టేసి ఉంటాయి, విప్పి తూయడం కుదరదు. గుచ్చకముందే పూసల తూకం రాసి పెట్టుకునే అంగడి దొరికితే వదలొద్దు. అందాజుగా తీసేసే చోట బేరం ఆడాల్సింది ఆ అందాజు మీదే, తరుగు మీద కాదు.

పాత నగ మార్చేటప్పుడు క్యారెట్ మీటర్ ఒక్కటే చాలదు, అది పై పొరనే చూస్తుంది. అతుకు మీద పెడితే టచ్, అంటే నూటికి ఎంత మేలిమి బంగారమన్న లెక్క, తగ్గొచ్చు. రాళ్లు ఊడదీయించి, మీ కళ్లముందే కరిగించి, ఆ ముద్దకు టచ్ చూడమనండి. మురికి, మైనం పోయి బరువు కాస్త తగ్గడం మామూలే. ఆ తగ్గిన బరువు మీద మళ్లీ "కరుగు 2 శాతం" అని, కరిగించడంలో పోయినదాని పేరుతో కోస్తే ఒప్పుకోవద్దు. ముద్ద 20 గ్రాములుండి టచ్ 88 వస్తే, 22 క్యారెట్ (టచ్ 91.6) లెక్కన 19.2 గ్రాములకు కట్టాలి.

కొత్త నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916, ఒక్కో నగకూ విడిగా ఇచ్చే ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువేదో చూపిస్తుంది. చేతిలో ఉంగరముండి యాప్‌లో గాజు అని వస్తే తీసుకోవద్దు. హాల్‌మార్క్ చెప్పేది టచ్ ఒక్కటే, తరుగు న్యాయమైనదా కాదా అన్నది దానికి పట్టదు.

ఎస్టిమేట్ చీటీతో బయటికి రావద్దు. నికర బరువు, టచ్, హాల్‌మార్క్ చార్జీ విడివిడిగా రాసిన పక్కా బిల్లు అడగండి. హాల్‌మార్క్ సెంటర్‌లో టచ్ తక్కువని తేలితే, తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు అంగడివాళ్లు కట్టాలని నిబంధన ఉంది. దాన్ని అడగాలంటే చేతిలో ఆ బిల్లు ఉండాలి.