మా పళ్ళ క్లినిక్‌కి సోషల్ మీడియా ప్యాకేజీ: ఆరు నెలల అనుభవం, 5కి 2 స్టార్లు

ఏజెన్సీ పేరు రాయడం లేదు, ముందే చెప్పేస్తున్నా. కాంట్రాక్టు అయిపోయినా పేజీ అడ్మిన్ పంచాయితీ ఇంకా తేలలేదు, పైగా అక్కడ పనిచేసే పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉండి, "డాక్టర్లకి మాత్రమే చేస్తాం" అని చెప్పుకునే బాపతు ఏజెన్సీ. మీకూ ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి, అందుకే రాస్తున్నా.

నల్గొండలో మాది ఒక్క చైర్ క్లినిక్. నేను, ఒక అసిస్టెంటు, సాయంత్రాలు రిసెప్షన్‌లో మా ఆయన. పదకొండేళ్ళుగా ఎవరో ఒకరు చెబితే వచ్చే పేషెంట్లతోనే నడిచింది. పోయిన ఏడాది మా రోడ్డు మీదే ఒక పెద్ద డెంటల్ చైన్ వాళ్ళు బ్రాంచి తెరిచారు. క్లాక్ టవర్ దగ్గర వాళ్ళ హోర్డింగ్ పడితే, నా పాత పేషెంటే ఫోటో తీసి "మేడం చూసిన్రా" అని నాకే పంపాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరిగ్గా ఆ వారంలోనే ఈ ఏజెన్సీ ఫోన్ వచ్చింది, టెన్షన్‌లో ఉన్నవాళ్ళ వాసన వీళ్ళకి ఎలా తెలుస్తుందో మరి.

ప్యాకేజీ ఇదీ: నెలకు 15,000, జీఎస్టీ వేరు. 12 పోస్టర్లు, 4 రీల్స్, గూగుల్ ప్రొఫైల్ చూసుకోవడం. యాడ్స్‌కి పెట్టే డబ్బు మనదే, రోజుకి 200. ఆరు నెలల కంటే తక్కువకి ఒప్పుకోరు.

మొదటి నెల పోస్టర్లు చూసి మా ఇంట్లో నవ్వుకున్నది చాలు. ప్రతి పోస్టర్ మీదా ఒక తెల్లమ్మాయి, పాలలాంటి పళ్ళు, కింద ఎక్కడో తర్జుమా చేయించిన తెలుగు. పంటి మీద తొడిగే క్యాప్ అనే మాట మా దగ్గర పిల్లలకి కూడా తెలుసు, వీళ్ళేమో దాని ఇంగ్లీషు పేరు "క్రౌన్"ని తర్జుమా చేసి "కిరీటాలపై 30 శాతం తగ్గింపు" అని వేశారు. రెండు గంటల్లో కింద కామెంటు: "మేడం, మా ఊర్ల యక్షగానం ఉంది, కిరీటాలు కిరాయికి ఇస్తరా?" ఇంకో దాంట్లో "నొప్పి లేని రూట్ కాలువ". నల్గొండ జిల్లాలో కాలువ అంటే సాగర్ ఎడమ కాలువే, నోట్లో కాలువేంటని మా అత్తమ్మ అడిగింది. చెబితే మార్చారు, కాదనను, కానీ ప్రతి పోస్టర్‌నీ నేనే దిద్దాల్సి వచ్చింది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య గ్లవ్స్ తీసి ఫోన్‌లో అచ్చుతప్పులు చూడటానికా నేను నెలకి పదిహేను వేలు ఇస్తున్నది?

ఆ 30 శాతం విషయంలో మాత్రం నవ్వు రాలేదు. డెంటిస్టులకి నియమాలు పెట్టే డెంటల్ కౌన్సిల్ 2014లో సవరించిన నీతి నియమావళి ప్రకారం పేషెంట్లను మనంతట మనం, నేరుగా గానీ ఇంకో దారిలో గానీ, పిలిపించుకోవడం తప్పు. బట్టల షాపులా ఆఫర్లు పెట్టడం ఆ కోవలోకే వస్తుంది. ఆ మాట అంటే ఏజెన్సీ అబ్బాయి "అందరూ వేస్తున్నారు కదా మేడం" అన్నాడు. వేస్తున్నారు, నిజమే. కానీ రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే రిజిస్ట్రేషన్ నంబరు నాది, వాడిది కాదు. డాక్టర్లకి మాత్రమే చేస్తామని చెప్పుకునే కంపెనీకి ఈ సంగతి నేను చెప్పాల్సి రావడం ఏంటో.

ఇక లీడ్స్, అంటే యాడ్ చూసి పేరూ నంబరూ ఇచ్చినవాళ్ళు. మొదటి నెలలో 74 మంది పేర్లు, నంబర్లతో ఎక్సెల్ షీట్ వచ్చింది. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను. మా ఆయన రెండు సాయంత్రాలు కూర్చుని అందరికీ ఫోన్లు చేశాడు. సగం మంది ఎత్తలేదు. ఎత్తినవాళ్ళలో చాలామంది "మేమేం ఫామ్ నింపలేదండీ" అన్నారు. తర్వాత తెలిసింది, ఫేస్‌బుక్‌లో ఆ ఫామ్ తెరవగానే పేరూ నంబరూ దానంతట అదే నిండిపోతుంది, వేలు రెండుసార్లు తగిలితే చాలు మీరు లీడ్ అయిపోతారు. ఆసక్తి ఉన్నవాళ్ళు కొందరు దొరికారు, వాళ్ళేమో హయత్‌నగర్ నుంచి, భువనగిరి నుంచి. యాడ్ సెట్టింగ్ తెరిచి చూపించమంటే నల్గొండ చుట్టూ 80 కిలోమీటర్లు పెట్టి ఉంది. అంతకంటే ఎక్కువ పెట్టనివ్వదు కాబట్టి అక్కడ ఆగారు, లేకపోతే విజయవాడ దాకా పోయేవాళ్ళే. పుచ్చిన పన్నుకి సిమెంట్ పెట్టించుకోవడానికి హయత్‌నగర్ నుంచి బస్సెక్కి నల్గొండ ఎవరొస్తారండీ, దారిలో ఎంతమంది డెంటిస్టుల బోర్డులు దాటాలి? 20 కిలోమీటర్లకి తగ్గించమన్నాను. తర్వాతి నెల లీడ్స్ తొమ్మిది. రిపోర్ట్‌లో గ్రాఫు పడిపోయిందని ఆ అబ్బాయి దిగులుపడ్డాడు గానీ, ఆ తొమ్మిది మందిలో ముగ్గురు వచ్చి చైర్‌లో కూర్చున్నారు. 74 మందిలో వచ్చింది ఒక్కరు.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని ఆలోచించాను. తప్పులో సగం నాది.

మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఫ్లోరైడ్ ఎంత పాత గోసో. మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో గోధుమరంగు మచ్చల పళ్ళు రోజూ చూస్తాను. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితే మచ్చ పంటిలోనే పడుతుంది, తోముకుంటే పోదు. అలాంటి ఒక అమ్మాయికి ముందు పళ్ళకి ట్రీట్‌మెంట్ చేశాను. చాలా బాగా వచ్చింది. నా రికార్డు కోసం ముందూ తర్వాతా ఫోటోలు తీసుకున్నాను. క్లినిక్ ఫోటోలు కావాలని ఏజెన్సీ అడిగితే నేను డ్రైవ్ లింకు ఇచ్చాను, అందులో ఈ ఫోల్డరు కూడా ఉందన్న ధ్యాస లేదు నాకు. వాళ్ళు అడగలేదు, చెప్పలేదు. ఆ అమ్మాయి ముఖం మొత్తం కనపడేలా, మ్యూజిక్ పెట్టి, రీల్ వేసేశారు.

రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ నాన్న ఫోన్. అరవలేదు. "సంబంధాలు చూస్తున్నం మేడం. పిల్ల పండ్లు గట్ల ఉండెనని అందరికీ ఎందుకు చూపెట్టిన్రు?" అన్నాడు, అంతే. ఇరవై నిమిషాల్లో తీయించాను, అప్పటికే నాలుగు వందల మంది చూశారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను, చాయ్ ఇచ్చారు, ఆ అమ్మాయి మాత్రం లోపలి గదిలోంచి రాలేదు. ఏజెన్సీ నుంచి నాకు వచ్చింది "సారీ మేడం, కానీ రీచ్ బాగుంది" అనే మెసేజి. ఆ మెసేజ్‌కి ఒక స్టార్ తీసేశాను.

అప్పట్నించి ముఖం కనపడే ఫోటో ఏదీ బయటికి పోదు. పళ్ళ వరకే తీసినా సరే, ఎక్కడ పెడతామో చెప్పి, తెలుగులో రాసిన కాగితం మీద సంతకం తీసుకుంటాం. వద్దంటే ట్రీట్‌మెంట్‌లో ఏ తేడా ఉండదని కూడా అందులోనే రాశాను.

మూడో నెలలో విసుగొచ్చి నేనే ఒక వీడియో తీశాను. మా దగ్గర పెద్దవాళ్ళు పన్ను పీకించుకోవాలంటే మొదట అడిగేది ఒకటే: "పై పన్ను తీస్తే కండ్లు పోతయంట గద మేడం?" అదే ప్రశ్న పెట్టి, కిటికీ దగ్గర నిలబడి, నా మామూలు గొంతుతో జవాబు చెప్పాను. పంటి నొప్పిని మోసే నరం వేరు, చూపు నరం వేరు, ఒకటి తలలోంచి వచ్చే ఐదో నరం కొమ్మ, ఇంకోటి రెండో నరం, రెంటికీ సంబంధం లేదు. మరి ఆ మాట ఎందుకు పుట్టింది? పైన కోరపన్ను వేరులో చీము పడితే వాపు కంటి కిందికి ఎక్కుతుంది, కన్ను మూసుకుపోతుంది. అప్పటిదాకా ఓర్చుకుని అప్పుడొచ్చి పీకించుకుంటారు, తప్పంతా పీకడం మీదికి పోతుంది. నిమిషంన్నర వీడియో. వెనక మా అసిస్టెంటు ట్రే కింద పడేసిన చప్పుడు కూడా ఉంది, కట్ చేయడం రాక అలాగే వదిలేశాను.

ఏజెన్సీ అబ్బాయి చూసి "క్వాలిటీ లేదు మేడం, పేజీ గ్రిడ్ పాడవుతుంది" అన్నాడు, అంటే పేజీలో ఫోటోల వరస అందం చెడుతుందని. సరే అని నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను, ఫేస్‌బుక్‌లో కూడా నేనే వేశాను. అది ఏయే ఊరి గ్రూపుల్లో తిరిగిందో తెలియదు గానీ, వారం తర్వాత నకిరేకల్ నుంచి ఒక తాత వచ్చి ఫోన్ తీసి ఆ వీడియో నాకే చూపించి "ఈ మేడం మీరేనా?" అన్నాడు. రెండో వీడియో ఫ్లోరైడ్ మచ్చల మీద తీశాను, ఎవరి ఫోటో లేకుండా, ప్లాస్టర్ పళ్ళ మీద రంగు పూసి చూపించాను: బ్లీచింగ్ ఒక్కదానితో గోధుమ మచ్చ పోదని, పై పొర పలచగా అరగదీయడమో పంటి రంగు సిమెంట్ లాంటి కాంపోజిట్ వేయడమో మచ్చ లోతును బట్టి ఉంటుందని, కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేయడమే మంచిదని. ఆఖరి మాట ఏజెన్సీ వాళ్ళకి అస్సలు నచ్చలేదు. వద్దని చెప్పే వీడియో ఏంటి మేడం అన్నారు.

గూగుల్ సంగతి కూడా చెప్పాలి, అక్కడ మంచీ చెడూ రెండూ ఉన్నాయి. మ్యాప్‌లో మా పిన్ను పదకొండేళ్ళుగా వెనక సందులో ఉంది, పేషెంట్లు టైలర్ షాపు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాళ్ళు. వీళ్ళు మొదటి వారంలోనే సరిచేశారు, టైమింగ్స్ పెట్టారు, ఆదివారం సెలవని పెట్టారు, మెట్లు ఎక్కక్కర్లేదని తెలిసేలా ముందు గుమ్మం ఫోటో పెట్టారు. నూటికి నూరు మార్కులు. ఆ తర్వాత ఏం పుట్టిందో, ఒక్క రాత్రిలో ఇరవై ఫైవ్ స్టార్ రివ్యూలు పడ్డాయి. ఒకాయన నా దగ్గర రూట్ కెనాల్ చేయించుకున్నాడట, అదే రోజు పుణెలో కారు షోరూమ్‌కీ రివ్యూ రాశాడు. పది రోజుల్లో గూగులే వాటిలో చాలావరకు ఎత్తేసింది, వాటితోపాటు నా పాత పేషెంటు, రిటైర్డ్ టీచరు, ఓపిగ్గా తెలుగులో రాసిన అసలు రివ్యూ కూడా పోయింది. ఆయన్ని మళ్ళీ రాయమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇక లెక్క. మా ఆయన మొదటి రోజు నుంచీ రిజిస్టర్‌లో "ఎలా తెలిసింది" అని ఒక గడి గీసి, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగి రాశాడు. ఏజెన్సీ రిపోర్టులకంటే నేను దీన్నే నమ్ముతాను. ఆరు నెలల్లో కొత్తవాళ్ళు 203 మంది. ఎవరో చెబితేనో బోర్డు చూసో వచ్చినవాళ్ళు 126. గూగుల్ మ్యాప్ చూసి 58. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ అన్నీ కలిపి 19, అందులో 11 మంది నా రెండు వీడియోలు చూసి వచ్చినవాళ్ళు. అంటే ఏజెన్సీ యాడ్స్ తెచ్చినవాళ్ళు ఎనిమిది మంది. ఖర్చు ప్యాకేజీ, యాడ్స్ డబ్బు, జీఎస్టీ అన్నీ కలిపి 1,48,680. మనిషికి పద్దెనిమిదిన్నర వేలు పైనే పడింది, వాళ్ళలో ఐదుగురు క్లీనింగ్‌కి వచ్చినవాళ్ళు. మా ఆయన ఆ అంకె కింద ఎర్రపెన్నుతో రెండు గీతలు గీశాడు, ఏమీ అనలేదు, అది ఇంకా భయం.

ఇంప్లాంట్లు, అలైనర్లు (పళ్ళని వరసలోకి తెచ్చే పారదర్శక తొడుగులు) ఎక్కువగా చేసే సిటీ క్లినిక్‌కి ఒక్క కేసుతో ఈ డబ్బు తిరిగి రావొచ్చు, వాళ్ళ లెక్క వేరు. మాలాంటి చోట అయితే మ్యాప్ సరిచేయించుకోవడానికీ, క్లినిక్ ఫోటోలకీ, వాట్సాప్ బిజినెస్ పెట్టించుకోవడానికీ ఒక్కసారి డబ్బు కట్టి పంపించేయండి. ఆ మూడూ వీళ్ళు బాగా చేశారు, రెండు స్టార్లు వాటికే. ఫోటోలు తీసిన అమ్మాయి కాలర్ మైకు ఎలా పెట్టుకోవాలో కూడా నేర్పించింది, ఆ పిల్లకి వేరే రేటింగ్ ఇచ్చే వీలుంటే ఐదు ఇచ్చేదాన్ని. ఇంకొకటి, సంతకం పెట్టేముందు పేజీ, యాడ్ అకౌంటు, గూగుల్ ప్రొఫైల్ మీ సొంత మెయిల్‌తోనే తెరిపించి, వాళ్ళకి పని చేసుకునేంత యాక్సెస్ మాత్రమే ఇవ్వండి. నేను "మీరే చూసుకోండి" అన్నాను, చూసుకున్నారు, పేజీ వాళ్ళ పేరు మీదే ఉంది.

మొన్న రాత్రి మా క్లినిక్ పేజీలో కూకట్‌పల్లిలో ఏదో జిమ్ ఆఫర్ పోస్టర్ పడింది, ఏ కుర్రాడో పొరపాటున వేసినట్టున్నాడు. తీయడానికి నాకు యాక్సెస్ లేదు. మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇప్పటికి ఆ పోస్టర్‌కి 31 లైకులు వచ్చాయి, ఆరు నెలల్లో మా పోస్టర్ దేనికీ అన్ని రాలేదు.