ఇటోయిగావా అని చెప్పి సూది ఆకుల జూనిపర్ అంటగట్టారు, జాగ్రత్త

బోన్సాయ్ కోసం జూనిపర్ అనే సతతహరిత మొక్క కొనబోతున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు పంపండి. నాకు ఈ మొక్క అమ్మినవాడు ఇందాకే నన్ను బ్లాక్ చేశాడు. ఆ కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

షింపాకు అనే జపాన్ జూనిపర్‌లో ఇటోయిగావా రకం అన్నాడు. అతను చూపిన ఫోటోలో ఉన్నది అదే: లేత పచ్చగా, ఒకదాని మీద ఒకటి అతుక్కున్న చిన్న చిన్న పొలుసుల్లాంటి ఆకు, సన్నటి కొమ్మలు. పెట్టె విప్పి కొమ్మ పట్టుకోగానే వేలికి గుచ్చుకుంది. మొక్క నిండా సూది ఆకులే.

వెంటనే అడిగాను. "ప్రయాణంలో స్ట్రెస్ అయింది సార్. షింపాకు అలాంటప్పుడు సూదులు వేస్తుంది, మళ్ళీ పొలుసు ఆకు వచ్చేస్తుంది, కంగారు పడకండి" అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో! అందులో సగం నిజం ఉంది కాబట్టే నమ్మాను. షింపాకును గట్టిగా కత్తిరించినా, వేర్లు దెబ్బతిన్నా సూది ఆకు వేసే మాట నిజమే. కానీ సూదిగా వచ్చేది కొత్త చిగురు. ముందే ఉన్న పొలుసు ఆకు సూదిగా మారిపోదు. పెట్టెలో గడిచిన నాలుగు రోజుల్లో మొక్క మొత్తం సూదులు ఎలా వేస్తుంది? ఈ చిన్న ప్రశ్న నాకు ఆ రోజే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. అతని మాట పట్టుకుని కూర్చున్నాను, వాపసు గడువు దాటిపోయింది.

నిన్న భూతద్దం పెట్టి కొమ్మ కొమ్మా వెతికాను. సూదుల మీది తెల్లటి చారలు చూసి రకం తేల్చలేం, అవి షింపాకు సూదులకూ ఉంటాయి. చూడాల్సింది లోపలి పాత కొమ్మలు. అక్కడ ఒక్క పొలుసు రెమ్మ కూడా లేదు. మొదలు నుంచి చివరి దాకా మూడేసి సూదుల గుత్తులే. మట్టి మీద పాకుతూ పెరిగే ప్రోకంబెన్స్ నానా అనే మరో జూనిపర్ అని నాకు ఇప్పుడు అనుమానం లేదు. ఆ మొక్క మీద నాకు కోపం లేదు, దానితో చక్కటి బోన్సాయ్ అవుతుంది. కానీ నేను డబ్బు కట్టింది ఇటోయిగావాకు.

ఈ కొమ్మలన్నీ ఫోటోలు తీసి అతనికి పంపితే వచ్చిన జవాబు ఇది: "ఆకు చూసి రకం చెప్పేంత తెలిసినవారు మా దగ్గర ఎందుకు కొన్నారు?" ఆ తర్వాత బ్లాక్. మోసపోయిన బాధ కన్నా ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

కొనే ముందు అదే మొక్క కొమ్మ చివర, లోపలి పాత కొమ్మ రెండూ కనిపించేలా దగ్గరి ఫోటో అడగండి. రెండు రకాల ఆకులూ కలిసి ఉంటే సాన్ హోసే అనే ఇంకో జూనిపర్ కూడా కావచ్చు, దానికి అది మామూలే. ఇటోయిగావాకూ, షింపాకులోనే మరో రకమైన కిషుకూ తేడా ఫోటోలో పట్టడం కష్టం. కిషు ఆకు కాస్త మందంగా, నీలి పచ్చగా ఉంటుంది.

మీలో ఎవరైనా అతని దగ్గర ఈ మధ్యే కొని ఉంటే, వాపసు గడువు ఇంకా ఉండగానే ఈ రాత్రే లోపలి కొమ్మలు చూడండి.