డెంగీ, ఎబోలా లాంటి జ్వరాలకు మందు: పాతవాటిలో వెతకాలా, కొత్తది తయారు చేయాలా? ఏది మేలు?

సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే అనంతపురంలో ల్యాబుల ముందు ప్లేట్‌లెట్స్ రిపోర్టు కోసం కాచుకున్న జనమే. "యాభై వేలకు పడిపోయినాయంట" అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసం తాపమంటారు. డెంగీ వైరస్‌ను నేరుగా అణిచే మందు ఇంకా చేతికి రాలేదు. పారాసెటమాల్, అవసరమైతే సెలైన్, రోగిని కనిపెట్టుకుని ఉండటం, ఇదే వైద్యం.

ఒంట్లో రక్తస్రావానికి దారితీసే ఇలాంటి జ్వరాలకు మందు వెతకడంలో మొదటి దారి, వేరే జబ్బుకు వాడే మందునే ఇక్కడ పరీక్షించడం. ఖర్చు తక్కువ, దుష్ఫలితాలు ముందే తెలిసి ఉంటాయి. రైబవిరిన్ అనే వైరస్ మందు అలా వచ్చిందే. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో, ఎలుకల నుంచి సోకే లాసా జ్వరం రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు 1986లో వెలువడ్డాయి. జ్వరం మొదలైన ఆరు రోజుల్లోపు ఇచ్చినవాళ్లకే బాగా మేలు జరిగింది. గొర్రెలకూ పశువులకూ పట్టే పిడుదుల వల్ల వచ్చే క్రిమియన్ కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడింది. దానికీ ఈ మందు వాడతారు గానీ, పనిచేస్తుందని తేల్చిచెప్పే గట్టి పరీక్ష లేదు. గొర్రెల మందలున్న జిల్లావాళ్లం, ఈ సంగతి మనం పట్టించుకోవాలి. డెంగీ విషయంలో ఈ దారి మరీ నిరాశపరిచింది. మలేరియా మందు క్లోరోక్విన్, కొలెస్ట్రాల్ మందు లోవాస్టాటిన్, హెపటైటిస్ సి కోసం తయారైన బాలాపిరవిర్, ఏదీ పనికిరాలేదు.

రెండో దారి యాంటీబాడీలు, అంటే వైరస్‌ను పట్టి అడ్డుకునే రక్షక ప్రోటీన్లు. 2018లో కాంగోలో మొదలైన ఎబోలా పరీక్షలో రెండు యాంటీబాడీ మందులు తీసుకున్నవాళ్లలో మరణాలు 35 శాతం దగ్గర ఆగాయి. యాంటీబాడీ కాని వైరస్ మందు రెమ్‌డెసివిర్ తీసుకున్నవాళ్లలో 53 శాతం. గెలిచిన రెండింటిలో ఒకదానికి మూలం 1995 నాటి ఎబోలా నుంచి బతికి బయటపడ్డ మనిషి రక్తం. అయినా ఇవి ఎబోలాలో జైర్ రకానికే పనిచేస్తాయి, నరం ద్వారా ఎక్కించాలి, ఫ్రిజ్‌లో ఉంచాలి. డెంగీలో నాలుగు రకాలున్నాయి. పైగా సరిపోని యాంటీబాడీ జబ్బును ముదిరించే ప్రమాదమూ ఉంది.

నా ఓటు మూడో దారికే: వైరస్ ప్రోటీన్‌ను చూసుకుని దానికి తగిన కొత్త మాత్రను తయారు చేయడం. మోస్నోడెన్‌విర్ అనే మందు డెంగీ వైరస్ పెరగడానికి కావలసిన రెండు ప్రోటీన్లు కలవకుండా అడ్డుపడుతుంది. ల్యాబులో నాలుగు రకాల మీదా పనిచేసింది. మందు ఇచ్చి, వైరస్ ఎక్కించి చూసిన వాలంటీర్లలో పెద్ద డోసు తీసుకున్న కొందరికి రక్తంలో వైరస్ కనిపించనేలేదు. అంత దూరం వచ్చాక, 2024 అక్టోబరులో దాన్ని తయారుచేస్తున్న జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ మందు మీద నడుస్తున్న తర్వాతి దశ పరీక్షను ఆపేసింది. మందు హానికరమని కాదు, కంపెనీ ప్రాధాన్యాలు మారాయని. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. దోమకాటుకు గురయ్యే పేదల జబ్బుకు మందు కావాలంటే ప్రభుత్వ సొమ్ము పెట్టక తప్పదు.

కాకపోతే మాత్ర వచ్చినంత మాత్రాన సరిపోదు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లో, అంటే నాలుగు నుంచి ఆరో రోజు మధ్య, రక్తనాళాల నుంచి ద్రవం కారి ప్రాణం మీదికి వస్తుంది. అప్పటికి వైరస్ చాలావరకు తగ్గిపోయి ఉంటుంది, దాన్ని అణిచే మాత్రకు పెద్దగా పని మిగలదు. మన పల్లెల్లో మొదటి మూడు రోజులూ ఆర్‌ఎంపీ సూదితోనే గడిచిపోతాయి. అందుకే కొత్త మందు పరిశోధనతో పాటు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఎన్ఎస్1 టెస్టు (రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష) చేసే ఏర్పాటు ఇప్పుడే జరగాలి.