ఇంటరప్ట్‌ని కెర్నెల్ వదలాలా, మనం వదలాలా?

లినక్స్‌లో యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్ డ్రైవర్‌ని తీసేటప్పుడు, ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే పిలుపు) గురించి పటమటలో బోర్డు ముందేసుకున్న మా కుర్రాళ్లకు రోజూ ఇదే పేచీ.

డెవ్‌ఎం ఐఆర్‌క్యూ (devm_request_irq, కెర్నెలే వదిలే పద్ధతి): ఒక్క లైను, తప్పు జరిగితే వెనక్కి సర్దే గోటూల గోల లేదు. కానీ వదిలేది డ్రైవర్ రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే. ఈలోగా క్లాక్ ఆపేశారా, కేబుల్ పీకగానే వచ్చే ఇంటరప్ట్ ఆగిన రిజిస్టర్‌ని తడుముతుంది. అర్ధరాత్రి నా సీరియల్ కన్సోల్ సగం మాటలోనే బిగుసుకుపోయింది.

ఫ్రీ ఐఆర్‌క్యూ (free_irq, మనమే పిలిచి వదిలే పద్ధతి): రాత ఎక్కువ, మర్చిపోతే లీకు. అయితే నడుస్తున్న హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) ముగిసేదాకా ఆగుతుంది, వరుస మన చేతిలోనే: ముందు గాడ్జెట్ (యూఎస్‌బీ పరికరంగా మన బోర్డు) తొలగింపు, తర్వాత ఇంటరప్ట్ మాస్క్ (రాకుండా మూయడం), ఫ్రీ, వర్క్ (హ్యాండ్లర్ తర్వాతకి వాయిదా వేసిన పని) క్యాన్సిల్, చివర్న క్లాక్.

క్లాక్ కూడా డెవ్‌ఎందే, అదీ ఇంటరప్ట్‌కన్నా ముందే తీసుకుంటే (వదలడం తిరగవరుసలో కదా) మొదటిది చాలు. చేత్తో క్లాక్ ఆపినా, హ్యాండ్లర్ వర్క్‌ని లేపుతున్నా రెండోదే.