నాచు నుంచి పండుమిరప దాకా: ప్లాస్టిడ్ల వెంట బెజవాడ, గుంటూరు

ఇంటర్ బైపీసీ పిల్లలు హరితరేణువు, శ్వేతరేణువు, వర్ణరేణువు అనేవి మూడు వేరువేరు కణాంగాలనుకుని బట్టీ పడతారు. మూడూ ప్లాస్టిడ్లే, అంటే మొక్క కణంలో రంగో పిండో ఉండే ఒకే కుటుంబం రేణువులే. ఒకటి మరొకటిగా మారగలదు కూడా. ఈ సంగతి కళ్లారా చూపించడానికి బెజవాడ నుంచి గుంటూరు దాకా ఉన్న ముప్పై చిల్లర కిలోమీటర్లు చాలు. రెండు రోజులు, ఒక రాత్రి బస, 400 రెట్లు పెద్దది చేసి చూపే మామూలు కాలేజీ మైక్రోస్కోపు ఒకటి ఉంటే సరిపోతుంది.

వెళ్లాల్సింది డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపు. అప్పుడు కాలవల్లో నీళ్లుంటాయి, పండుమిరప బజారుకొస్తుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు. వరద రోజుల్లో నది బురదగా ఉంటుంది, పడవలూ ఆపేస్తారు.

మొదటి మజిలీ నాచు, అంటే హైడ్రిల్లా అనే నీటి మొక్క. ఊరి మధ్య కాలవల్లోనూ దొరుకుతుంది గానీ మురుగు కలిసే చోట ఆకుల మీద బురద పొర పట్టి కణం మసకగా కనిపిస్తుంది. బ్యారేజీ దాటి సీతానగరం వైపు ఒడ్డు మేలు. భవానీ ద్వీపం పిల్లల సరదాకు బాగుంటుంది కానీ నమూనాల కోసం పడవ ఖర్చు అక్కర్లేదు. ఉండవల్లి గుహలు దగ్గరే, గంట మిగిలితే చూడొచ్చు.

వెడల్పు మూతి లీటరు సీసాలో సగం దాకా అక్కడి నీళ్లే పోసి, నాలుగు రెమ్మలు వేయాలి. మూత బిగించకూడదు. ఎండలో ఆటోలో సీసా వేడెక్కితే బసకు చేరేసరికి నాచు చస్తుంది. హరితరేణువులన్నీ ఒక మూలకు ముద్దగా చేరి కనిపిస్తే పని చెడినట్టే, కొత్త రెమ్మ తీయాలి.

బస విషయంలో ఏసీ గది కన్నా కదలని బల్ల ముఖ్యం. గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు లాడ్జీలు స్టేషనుకు దగ్గర. గది తీసుకునే ముందు బల్ల ఊపి చూడండి, దాని పక్కన ప్లగ్గు ఉందో లేదో చూడండి. ఫ్యాను గాలికి కవర్‌స్లిప్ (నమూనా మీద కప్పే పలచటి గాజు) కింద నీళ్లు పది నిమిషాల్లోనే ఆరిపోవచ్చు, అంచున మళ్లీ ఒక చుక్క వేస్తుండాలి. ఏసీ చల్లదనానికి కణంలో కదలిక మందగిస్తుంది. బోరు నీళ్లు వాడొద్దు. అవి ఆరితే మిగిలే ఉప్పు స్ఫటికాలను పిల్లలు కణాంగాలనుకుంటారు.

రెమ్మ కొసన ఉన్న లేత ఆకు ఒకటి తుంచి, కోయకుండా అలాగే స్లైడు మీద పెట్టాలి. హైడ్రిల్లా ఆకు చాలావరకు రెండు కణాల మందమే, అందుకే బ్లేడుతో పని లేదు. పది, పదిహేను నిమిషాలు వెలుతురులో ఉంచి నడిమి ఈనె దగ్గర కణాలు చూడండి. సుమారు 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పచ్చటి రేణువులు కణకవచం వెంబడి వరసగా తిరుగుతుంటాయి. అవి తమంతట తాము నడవడం లేదు. కణద్రవ్యం ప్రవహిస్తుంటే దాంతో కొట్టుకుపోతున్నాయి. నడుమ ఖాళీగా కనిపించేది రిక్తిక, అంటే కణరసం నిండిన సంచి. రేణువులు దాన్ని చుట్టి వెళ్లడం చూస్తేనే అది ఎంత చోటు ఆక్రమించిందో తెలుస్తుంది. దీనికి అయోడిన్ వేయొద్దు, కణం చచ్చి ప్రవాహం ఆగిపోతుంది. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు చూపించమని పిల్లలు అడుగుతారు. మామూలు మైక్రోస్కోపు 0.2 మైక్రాన్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీయలేదు. రైబోజోము అందులో పదో వంతు ఉంటుందేమో, అంతే.

సాయంత్రం చక్కరకేళి. పచ్చి అత్తంలోంచి కాయ ఒకటి తీసుకుని, బాగా మాగిన పండు వేరే కొనండి. గుండుసూది తలంత గుజ్జు నీటి చుక్కలో పలచగా పులిమి, మందుల షాపు టించర్ అయోడిన్ ఒక వంతుకు పది వంతులు నీళ్లు కలిపి ఒక్క చుక్క వేయాలి. ఎక్కువైతే అంతా నల్లబడి ఏమీ తెలియదు. పచ్చికాయ కణాల్లో పిండి రేణువులు నీలంగా కిక్కిరిసి ఉంటాయి. శ్వేతరేణువుల్లో పిండి దాచేవి ఇవే. మాగిన పండులో కణాలు దాదాపు ఖాళీ, పిండి చక్కెరైపోయింది.

మర్నాడు పొద్దున మంగళగిరి మీదుగా వెళ్లే రైలెక్కి గుంటూరు చేరడం మేలు, రోడ్డు కుదుపులకు మైక్రోస్కోపు అద్దాలు కదిలే భయం ఉండదు. మిర్చి యార్డు చూడదగ్గదే, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లాలి. కానీ అక్కడి ఎండుమిరప మన పనికి రాదు. రంగు మిగులుతుంది గానీ కణాలు ముడుచుకుపోయి ఉంటాయి. కూరగాయల బజార్లో సగం పచ్చగా, సగం ఎర్రగా ఉన్న దోరకాయలు ఏరుకోండి. తొక్క కింది కండను పలచగా గీకి నీళ్లలో పెట్టి చూస్తే, పచ్చని వైపు హరితరేణువులు, ఎర్రని వైపు నారింజ, ఎరుపు వర్ణరేణువులు, మధ్యలో రెండు రంగులూ కలిసినవి కనిపిస్తాయి. పత్రహరితం కరిగి, లోపలి పొరలు విడిపోయి, క్యాప్సాంతిన్ అనే ఎర్రరంగు చేరడమే ఆ మార్పు. యాత్ర మొత్తంలో ఈ ఒక్క స్లైడుకు రెండు గంటలు కేటాయించినా తక్కువే.

కారం ఈ ఎరుపులో లేదు, గింజలంటుకున్న తెల్లటి భాగంలో తయారవుతుంది. కండ గీకేటప్పుడు దాన్ని తాకకుండా కోయండి. కారం నీళ్లకు పోదు, చేతులకు ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. ఆ చేత్తో మైక్రోస్కోపులో కన్ను పెట్టే ఐపీస్ పట్టుకుంటే వరసలో తర్వాత వచ్చే పిల్లవాడి కన్ను మండిపోతుంది. అందుకే గీకడానికి ఒకరు, మైక్రోస్కోపు ముట్టుకోవడానికి వేరొకరు ఉండాలి.