పర్లాకిమిడిలో ఆదివారం తెలుగు క్లాసు ఎలా ఉందంటే

మాది ఒడిశా కదా, మా గుంట ఒడియా అయితే గడగడా చదివేస్తాది గానీ ఆంధ్రాలో పాతపట్నం అమ్మమ్మింటికి ఎల్తే బస్సు బోర్డు చూసి "ఇదేటి రాసుంది నాన్నా" అంటాది, అది చూడలేక జూన్‌లో మన తెలుగోళ్ల సంఘం నడిపే ఆదివారం క్లాసులో వేశాను. ఎనిమిది నెలలైంది.

ఫీజు నెలకి వంద, ఇవ్వలేనోళ్లని అడగరు. చెప్పేది ఒక రిటైర్డ్ మాస్టారు, గుణింతాలు రాయించి రాయించి చంపుతారు, కానీ మొన్న ఇంటికొచ్చిన శుభలేఖ అది తడుముకోకుండా చదివేసింది, మా అమ్మ కళ్లు తుడుచుకుంది. బాగోలేనివీ ఉన్నాయి, ఆరేళ్లోళ్లూ పదమూడేళ్లోళ్లూ ఒకే గదిలో, ఒకటే ఫ్యాను. దసరాకి సెలవని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టలేదు, రెండు వారాలు ఎండలో ఎల్లి తాళం చూసి వచ్చాం.

మా గుంట బడిలో తెలుగు ఎందుకు లేదు మాస్టారూ అంటే "ఎక్కువమందికి ఏటి కావాలో సర్కారు అదే పెడతాది బాబూ, మిగిలినోళ్లం చందాలేసుకోవాలి" అన్నారు. ఇదే మాట బర్టన్ వైస్‌బ్రాడ్ అనే అమెరికా ఎకనామిస్టు 1975లో సిద్ధాంతంగా రాశాడు, ఓటర్లలో మధ్యస్తంగా ఉండేవాడికి సరిపోయేంతే సర్కారు ఇస్తుంది, జనం ఎంత రకరకాలుగా ఉంటే తీరని అవసరాలు అంత ఎక్కువ, కాబట్టి స్వచ్ఛంద సంస్థలూ అంత పెరుగుతాయని. మనూరికి ఇది కొత్తేం కాదులెండి, గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఇక్కడ మాస్టారుగా ఉంటూనే సవర గిరిజనుల భాష నేర్చుకుని సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు.

కానీ నాకొకటి తేడాగా అనిపిస్తాది. తెలుగు, ఒడియా, సవర, ఇన్ని భాషలున్న ఊళ్లో సంఘాల బోర్డులకి లోటు లేదు, లోపలికెల్తే మాత్రం ఒక గది, ఒక బీరువా. ఎవరి చందా వాళ్లోళ్లకే మరి. నేనూ అంతే, ఈ క్లాసుకి వెయ్యి ఇచ్చాను, సవర పిల్లల హాస్టల్‌కని వచ్చినోళ్లకి యాభై చేతిలో పెట్టి తలుపేసుకున్నాను. లెక్కకి సంస్థలు పెరిగాయి సరే, ఇంకో ఫ్యాను కొనే సత్తువ ఏ ఒక్కదానికీ లేదు.

పిల్లల్ని వేయొచ్చు, పండగల ముందు మాత్రం ఫోన్ చేసి ఎల్లండి. 4 స్టార్లు, అయిదోది ఆ తాళం మింగేసింది.