ద విట్‌నెస్: 40 డాలర్లకు తగిన ద్వీపం

2016 జనవరి 26న ప్లేస్టేషన్ 4కూ, విండోస్ కంప్యూటర్లకూ విడుదలైన ‘ద విట్‌నెస్’ అనే పజిల్ వీడియో గేమ్ ధర 40 డాలర్లు. పెద్ద సంస్థలు వందలాది మందితో తయారుచేసే ఆటలు అప్పట్లో 60 డాలర్లకు అమ్ముడవుతుంటే, చిన్న బృందాలు సొంతంగా తయారుచేసే ఇండీ గేమ్ అనగానే కొనేవారి మనసులో 15, 20 డాలర్లే మెదిలేవి. దీని రూపకర్త జోనథన్ బ్లో 2008లో తెచ్చిన ‘బ్రెయిడ్’ ధర కూడా 15 డాలర్లే. అందుకే పలకల మీద గీతలు గీసే పజిళ్లకు ఇంత సొమ్ము ఎందుకు ఇవ్వాలన్న వాదన బయలుదేరింది. ఆట పూర్తిచేసిన నాకు ఆ ధర న్యాయమైనదనే అనిపించింది.

జనసంచారం లేని ఒక ద్వీపంలో ఎదురయ్యే పలకల మీద, గుండ్రటి చుక్క నుంచి చివరి వరకు గీత గీయడమే ఆటగాడి పని. నియమాలను ఎక్కడా మాటల్లో చెప్పరు. నలుపు, తెలుపు చదరాలను గీతతో వేరుచేయాలన్న సంగతిని వరుసగా కొన్ని తేలికైన పలకలను పరిష్కరిస్తూ మనమే గ్రహించాలి. ఆపిల్ తోటలోని పలకల దగ్గర నేను చాలాసేపు నిలిచిపోయాను. పలక మీది గీతలు కొమ్మల్లా చీలుతూ ఉంటాయి. వెనకనున్న చెట్టును గమనించి, పండు ఏ కొమ్మకు ఉందో ఆ దారినే గీత గీస్తే సమాధానం దొరుకుతుంది. ఒక చెట్టుకు మాత్రం ఆ కొమ్మ కనబడదు, ఎందుకంటే అది విరిగి నేల మీద పడి ఉంటుంది. ఆ కొమ్మ కంటబడిన క్షణంలో కలిగిన ఆనందం, భారీ ఖర్చుతో తీసిన ఏ యుద్ధ సన్నివేశంలోనూ నాకు కలగలేదు. ఇక్కడ తలుపు తెరిచేది ఆయుధమో తాళంచెవో కాదు, అంతకుముందు తెలియని ఒక విషయం మనకు తెలియడమే.

‘బ్రెయిడ్’ సంపాదించిపెట్టిన డబ్బుతో మొదలై ఏడేళ్లకు పైగా సాగిన ఈ కృషిలో భవన, ఉద్యాన రూపశిల్పులు కూడా పాల్గొన్నారు. పజిళ్లు 600కు పైగా ఉన్నా, కాలక్షేపం కోసం చేర్చినట్టు అనిపించినవి నాకు చాలా తక్కువ.

ధర పెంచినప్పుడు బాధ్యత కూడా పెరుగుతుంది కనుక లోపాలను చెప్పాలి. అడవి భాగంలోని పజిళ్లు పూర్తిగా శబ్దం మీద, మరికొన్ని రంగుల తేడా మీద ఆధారపడ్డాయి. వినికిడి లోపమో వర్ణాంధత్వమో ఉన్నవారికి అవి పెద్ద అడ్డంకి. ద్వీపంలో ఒక్కో భాగాన్ని పూర్తిచేస్తే ఒక్కో లేజర్ కిరణం వెలుగుతుంది. అలాంటి 11 లేజర్లలో 7 వెలిగిస్తే ఆట చివరి ఘట్టమున్న పర్వతంలోకి ప్రవేశం దొరుకుతుంది కాబట్టి కొన్ని భాగాలను వదిలేయవచ్చు గానీ, పూర్తి ధర చెల్లించినవారు వదులుకోవలసి రావడం సరికాదు.

కథ తమను ముందుకు నడిపించాలని కోరుకునేవారు దీన్ని కొనకపోవడమే మంచిది. కొనేవారు మాత్రం గళ్ల కాగితమూ పెన్సిలూ పక్కన ఉంచుకోవాలి, సమాధానాలు చెప్పే వీడియోల జోలికి వెళ్లకూడదు.